ముగ్గురు దిగొద్దు

పెద్దమ్మ పోయి నెల తిరగకముందే మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఎండాకాలం ఫోటోల జాతర మొదలైంది. ఎవరి పిల్లలు నీళ్ల పార్కులో దూకారో, ఎవరు ఊటీకి పోయి స్వెట్టర్లు వేసుకున్నారో, ఎవరింట్లో కోసిన పుచ్చకాయ ఎంత ఎర్రగా ఉందో, అన్నీ వచ్చి నా ఫోన్లో పడుతున్నాయి. ఇక చోటు లేదని ఫోన్ మొత్తుకుంటోంది. తుడిచేద్దామని కూర్చుంటాను. నేను ఇటు తుడుస్తుంటే అటునుంచి ఇంకో గుప్పెడు వచ్చి పడతాయి. నేను పాఠాలు చెప్పే బడికి సెలవులిచ్చారన్న పేరే గానీ, సూర్యాపేట ఎండలో ఫ్యాను కింద కూర్చుని ఊళ్లోవాళ్ల ఫోటోలు తుడవడంతోనే సరిపోతోంది.

నిన్న అలా తుడుస్తుంటే ఒక ఫోటో దగ్గర వేలు ఆగిపోయింది. వరసకు నాకు మనవలయ్యే ముగ్గురు పిల్లలు ఈత కొలను గట్టు మీద ఒకరి భుజం మీద ఒకరు చేతులు వేసుకుని నిలబడ్డారు. కింద అందరూ గుండె బొమ్మలు పెట్టారు. నాకు మాత్రం ముందు తట్టింది ఒకటే. ముగ్గురే ఉన్నారు, పెద్దమ్మ చూస్తే ఊరుకోదు. ఆ తర్వాత గుర్తొచ్చింది, చూడడానికి పెద్దమ్మ లేదని.

మా అమ్మ వాళ్లు ముగ్గురు అక్కచెల్లెళ్లు. పెద్దమ్మది మిర్యాలగూడ. నడిపామె మా అమ్మ, సూర్యాపేటలో ఉండేది. చిన్నమ్మది కోదాడ. ముగ్గురిలో పెద్దమ్మ పొట్టి, అమ్మ పొడుగు. పెద్దమ్మకు దేవుళ్ల పట్టింపు పెద్దగా లేదు, మడీ ఆచారం అంతకన్నా లేదు. ఉన్నదల్లా ఒకటే పట్టింపు. ఫోటోలో ముగ్గురు నిలబడకూడదు. నిలబడితే నడుమ ఉన్నవాళ్లు పోతారు.

ఈ మాట చాలా ఇళ్లలో ఉన్నదే. మిగతా ఇళ్లలో ఎవరో ఒకరు అంటారు, ఎవరో ఒకరు నవ్వుతారు, ఫోటో దిగుతారు. మా ఇంట్లో అలా కుదరలేదు. కెమెరా బయటికి తీశారంటే చాలు, పెద్దమ్మ ఎక్కడున్నా ఆమె చెవిన పడేది. "ఆగుండ్రి! ముగ్గురే ఉన్నరు, ఆగుండ్రి!" అని వంటింట్లోంచి తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ ఉరికొచ్చేది. నాలుగో మనిషిగా తనే వచ్చి నిలబడేది. నిలబడేది అనడం కూడా తప్పే. ఆమె వచ్చేలోపే మీట నొక్కేసేవారు. అందుకని మా చిన్నప్పటి ఫోటోలన్నిటిలో పెద్దమ్మ వస్తూనే ఉంటుంది. ఒక కాలు గాలిలో, నోరు తెరిచి, చేతిలో గంటె. మేము చక్కగా తల దువ్వుకుని, పౌడర్ రాసుకుని నిలబడితే పక్కనుంచి ఈమె. మా ఫోటోలన్నీ పాడుచేస్తోందని మాకు మహా కోపంగా ఉండేది.

ముగ్గురిలో తనే ఒకతె అయినప్పుడు ఇంకా తిప్పలు. నాలుగోది ఏదో ఒకటి పెడితే సరిపోదు. "బొమ్మలు గిమ్మలు ఒద్దు. పానమున్నది కావాలె" అనేది. ప్రాణమున్నదైతే ఏదైనా సరే. ఒకసారి కోడిపెట్టను చంకన పెట్టుకుని నిలబడింది. ఒకసారి పక్కింటి చంటిపిల్లను నిద్రలోంచి లేపుకొచ్చింది. ఇంకోసారి కరెంటు మీటరు చూడడానికి వచ్చినాయన దొరికాడు. ఆయన ఎవరో మాకు తెలియదు, మేమెవరో ఆయనకు తెలియదు. ఆ ఫోటోలో మా వాళ్ల పక్కన బిగుసుకుపోయి నిలబడి ఉంటాడు, సొంత తమ్ముడిలాగా.

చిన్నమ్మ ఎగతాళి చేసేది.

"అక్కా, సినిమా పోస్టర్లలో ముగ్గురు హీరోలు నిలబడట్లేదా? వాళ్లందరూ పోయారా ఏంటి?"

"ఎన్నడు పోతరో నీకెర్కనా? పోయినంక అడుగుదువు గని ఆగు."

పళ్లెంలో కూడా ఆమెకు మూడు పడదు. గారెలు మూడు కనిపిస్తే నాలుగోది తెచ్చి వేసేది. ఈ సంగతి కనిపెట్టి మేము పిల్లలం పళ్లెంలో మూడు మిగిల్చి మర్యాదగా కూర్చునేవాళ్లం. నాలుగోది వచ్చి పడేది. దాన్ని తినేసి మళ్లీ మూడు చేసేవాళ్లం. ఆమెకు తెలియక కాదు. తెలిసే వేసేదని ఇప్పుడనుకుంటాను.

స్టూడియో నుంచి ఫోటోల కవరు వస్తే ఆమె చూసే పద్ధతి వేరు. మేమంతా మొహాలు వెతుక్కుంటాం. నేనెలా పడ్డాను, కళ్లు మూశానా, జడ ముందుకు ఉందా అని. ఆమె ముందు వేలు పెట్టి తలకాయలు లెక్కపెట్టేది. అన్ని ఫోటోలూ అయ్యాక "మంచిగున్నయ్. ఇగ సూద్దాం" అని మళ్లీ మొదటినుంచి మొహాలు చూసేది. వాళ్లింటి వెనకే రైసుమిల్లు. ఊక కాల్చిన నల్లటి బూడిద గాలికి వచ్చి దండెం మీది బట్టల మీద, మంచం మీద, అన్నం మీద వాలుతుంది. ఫోటో మీద కూడా వాలేది. ఆమె నోటితో ఊదేది, వేలితో తుడవనిచ్చేది కాదు. తుడిస్తే మొహం మీద గీత పడుతుందట.

ఇక ఆ ఎండాకాలం సంగతి. నేను డిగ్రీలో చేరబోతున్న ఏడు. అక్కచెల్లెళ్లు ముగ్గురూ మామిడికాయ తొక్కు పెట్టడానికి కోదాడలో చిన్నమ్మ ఇంట్లో కలిశారు. చిన్నాన్నకు ఫోటోల పిచ్చి. ఆయన కెమెరాలో ఒక రీలు నెలలుగా ఒకే ఒక్క ఫోటో మిగిలి కూర్చుని ఉంది. మా తమ్ముడి పంచెల ఫంక్షన్‌కు వేసిన రీలు అది. అప్పట్లో ఒక్క ఫోటో మిగిలినా రీలును కడగడానికి ఇచ్చేవాళ్లు కాదు, అది వృథా అని. ఆ ఒక్కటీ అయిపోతే స్టూడియోలో ఇచ్చేద్దామని ఆయన తొందర.

"ముగ్గురూ నిలబడండి వదినా, ఒక్కటే మిగిలింది" అన్నాడు.

"ముగ్గురమెట్ల నిలవడతమయ్యా?" అని పెద్దమ్మ అటూ ఇటూ చూసింది. వాకిట్లో కత్తిపీట ముందు కాయలు కొట్టడానికి కూలికి వచ్చినామె కూర్చుని ఉంది. "ఓ అవ్వా, జర వచ్చి గీడ నిలవడు."

"నాకెందుకమ్మా ఫోటువ, చేతులన్ని సొన" అని ఆమె సిగ్గుపడింది. పెద్దమ్మ వినలేదు. లేపి తెచ్చి అంచున నిలబెట్టింది.

తను మాత్రం పోయి ఇద్దరు చెల్లెళ్ల నడుమ నిలబడింది. నాకు బాగా గుర్తు. చిన్నాన్న కెమెరాలోంచి చూసి, "వదినా, మీరు ఇటు పక్కకు జరగండి. పొడుగామె నడుమ ఉంటే ఫోటో అందంగా వస్తుంది" అన్నాడు. పెద్దమ్మ నసిగింది. నలుగురున్నాం కదా అనుకుందేమో, జరిగింది. అమ్మ నడుమకు వచ్చింది. ఆయన మీట నొక్కాడు, రీలు గర్రుమంటూ వెనక్కి చుట్టుకుంది.

కొన్నాళ్లకు చిన్నమ్మ ఫోటోల కవరు తీసుకుని సూర్యాపేట వచ్చింది. పెద్దమ్మ కూడా ఆ రోజు మా ఇంట్లోనే ఉంది. ఎప్పటిలాగే వేలు పెట్టి లెక్క మొదలుపెట్టింది. చివరి ఫోటో దగ్గర వేలు ఆగింది. మళ్లీ లెక్కపెట్టింది. కిటికీ దగ్గరికి తీసుకుపోయి వెలుతురులో లెక్కపెట్టింది.

"కాయలు గొట్టినామె ఏది?"

ఫోటోలో ముగ్గురే ఉన్నారు. ముగ్గురు అక్కచెల్లెళ్లు, నడుమ అమ్మ.

"సిగ్గుపడింది కదా, తీసేటప్పుడు పక్కకు తప్పుకున్నట్టుంది" అంది చిన్నమ్మ. అందరం అదే అనుకున్నాం. ఆమె సిగ్గుపడడం అందరం చూశాం మరి.

పెద్దమ్మ మా ఆల్బం తీయించి, అందులో నేను గౌను వేసుకుని నిలబడిన చిన్నప్పటి ఫోటో ఒకటి తీసుకుంది. కత్తెరతో నన్ను చుట్టూ కత్తిరించి, నాలుగు అన్నం మెతుకులు నలిపి, ఆ ముగ్గురి పక్కన అతికించింది. ఆ ఫోటోలో నా తలకాయ అమ్మ తలకాయకన్నా పెద్దది. కాళ్లు నేలకు ఆనవు. మేము పొట్టలు పట్టుకుని నవ్వాం. అమ్మ అందరికంటే ఎక్కువ నవ్వింది. పెద్దమ్మ నవ్వలేదు.

"కాయితం మీద సరే. రీలుల ముగ్గురమే ఉన్నం గద. ఆ రీలు ముక్క నాకు కావాలె."

"ఏం చేస్తావక్కా దాన్ని?"

"పొయ్యిల వేస్త."

అక్కడినుంచి మొదలైంది. పెళ్లిలో కలిసినా, చావులో కలిసినా, దవాఖానలో ఎవరినో చూడడానికి పోయి కలిసినా, పెద్దమ్మ చిన్నాన్నను అడిగే మొదటి మాట అదే. "ఏమయ్యా మరిదీ, ఆ రీలు దొరికిందా?" ఆయన కొన్నాళ్లు స్టూడియోలో ఉందన్నాడు. తర్వాత ఇల్లు మారినప్పుడు పోయిందన్నాడు. "పోతే యాడికి పోయింది? పొయ్యిలకు పోతే మంచిదే. ఇంకేడనన్న ఉంటే?" అని ఈమె. మా పిల్లల్లో అదొక ఆటైపోయింది. ఇంట్లో ఏ వస్తువు కనిపించకపోయినా "రీలు దొరికిందా" అనుకునేవాళ్లం.

చాలా ఏళ్ల తర్వాత అమ్మకు కిడ్నీలు చెడిపోయాయి. ఆ తిరుగుళ్లు, ఆ సూదులు, ఆ మంచాల వాసన నేను రాయలేను, రాసే ఓపిక కూడా లేదు. అమ్మ పోయింది. పెద్దకర్మ నాడు చుట్టాలంతా భోజనాలు చేసి వెళ్లాక పెద్దమ్మ పెరట్లో గోడకు ఆనుకుని ఒక్కతే కూర్చుని ఉంది. పోయి పక్కన కూర్చున్నాను.

"బిడ్డా, నడుమ నేను నిలవడాల్సింది" అంది.

నాకు అర్థమైంది.

"ముందు నేనే నిలవడ్డ. జరుగమన్నడు, జరిగిన. పెద్దదాన్ని నేనుండంగ దాన్ని నడుమ నిలవెట్టి నేను పక్కకు జరిగిన. ఎందుకు జరిగిన్నే నేను?"

"పెద్దమ్మా, కిడ్నీలు పాడైనయి. డాక్టర్ జెప్పిండు గద."

"డాక్టర్‌కేం ఎర్క? ఫోటో దింపేటప్పుడు ఆయన ఉన్నడా?"

ఆ మాటకు ఇంకొకప్పుడైతే నవ్వు వచ్చేది. ఆ రోజు ఒళ్లు మండింది. అమ్మను పోగొట్టుకున్నది నేను, ఇక్కడ ఈమెను ఓదార్చాలా అనిపించింది. లేచి లోపలికి వచ్చేశాను.

ఆ తర్వాత పెద్దమ్మ రీలు సంగతి ఎవరినీ అడగలేదు. కలిసిన ప్రతిసారీ చిన్నాన్న ఆ ప్రశ్న కోసం ఎదురుచూసేవాడు. జవాబు కూడా సిద్ధంగా పెట్టుకునేవాడు. ఆమె మంచిగున్నవా అని అడిగి తలకాయ తిప్పుకునేది. ఫోటోలకు ఉరికిరావడం కూడా మానేసింది. ఫోన్లు వచ్చాయి, సెల్ఫీలు వచ్చాయి, ఇంట్లో పిల్లలు ముగ్గురు ముగ్గురు కలిసి దిగుతూనే ఉన్నారు. మునుపటి ఆమె అయితే ఊరు ఏకం చేసేది. "దిగుండ్రి బిడ్డా" అని గోడ వైపు తిరిగి పడుకునేది. పళ్లెంలో మూడు గారెలుంటే మూడే ఉండేవి. పెళ్లిళ్లలో డ్రోన్ కెమెరా తల మీద తిరుగుతుంటే వెనక వరసలో కొంగు కప్పుకుని కూర్చునేది. ఆమె ఉరికి రాకపోవడమే ఇప్పుడు మాకు వెలితిగా ఉండేది.

పోయిన ఎండాకాలం చిన్నమ్మ మనవరాలికి కొత్త మోజు పట్టింది. కోదాడలోనే ఇంజనీరింగ్ చదువుతున్న పిల్ల. చేతిలో అంత పెద్ద ఫోన్ ఉంది, అది చాలదట, రీలు కెమెరా కావాలట. ఇప్పటి పిల్లలందరికీ అదే పిచ్చి. తాతయ్య పాత కెమెరా కోసం బీరువా అంతా వెతికితే, అడుగున ఒక రేకు డబ్బాలో నెగెటివ్‌లు కట్టలు కట్టలుగా దొరికాయి. తను తీసిన రీలుతో పాటు వాటిని కూడా హైదరాబాద్ పంపి స్కాన్ చేయించింది. అవి వచ్చిన రోజు అనుకోకుండా నేను కోదాడలోనే ఉన్నాను.

లాప్‌టాప్‌లో ఒక్కొక్కటే చూస్తున్నాం. పంచెల ఫంక్షన్ వచ్చింది. పంచె జారిపోతుంటే మా తమ్ముడు పట్టుకుని నిలబడ్డాడు. అందరం నవ్వుతున్నాం. ఆ వెంటనే ఆఖరు ఫోటో వచ్చింది. ముగ్గురు అక్కచెల్లెళ్లు.

"ఇది పోయిందన్నారు కదా?" అంది చిన్నమ్మ.

చిన్నాన్న కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. "పోలేదే. దాచాను. రీలును ముక్కలుగా కోసి ఇస్తారు గదా, ఆ ముక్కలోనే పిల్లాడి ఫంక్షన్ ఫోటోలున్నాయి. వదిన చేతికిస్తే అన్నీ కలిపి పొయ్యిలో వేసేది."

చిన్నమ్మ ఏదో అనబోయింది. ఇంతలో నేను "ఆగు" అన్నాను. ఎడమవైపు అంచున ఎవరో ఉన్నారు.

పిల్ల ఆ చోటును పెద్దది చేసింది. సగం మొహం, ఒక భుజం. సొన అంటిన చేత్తో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. కాయలు కొట్టినామె. ఆమె ఎటూ తప్పుకోలేదు. నిలబెట్టిన చోటే నిలబడి ఉంది.

"మరి ప్రింట్లో లేదేం?" అన్నాను.

"ప్రింటు వేసేటప్పుడు చుట్టూ అంచులు కొంచెం పోతాయి అత్తా. నెగెటివ్‌లో మొత్తం ఉంటుంది. స్కాన్ చేస్తే మొత్తం వస్తుంది" అంది పిల్ల. దానికి అదొక వింతే కాదు.

చిన్నమ్మ కుర్చీలో కూలబడింది. "అయ్యో అక్కా" అంది. తర్వాత మొగుడి వైపు తిరిగి, "మీ పంచెల ఫోటోలు పాడుగాను! అది ఆ రోజే ఆమె చేతిలో పెడితే వెలుతురుకు పెట్టి చూసుకునేది గదయ్యా. ఇన్నేళ్లు ఉత్తపుణ్యానికి కుమిలింది" అంది. ఆయన తుడిచిన అద్దాలే మళ్లీ తుడుస్తూ కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఫోటోను ఫోన్లోకి ఎక్కించుకుని మిర్యాలగూడ బస్సెక్కాను. హుజూర్‌నగర్ దాటేసరికే ఎండ మండిపోతోంది. నేరేడుచర్లలో ధాన్యం లారీలు రోడ్డుకు అడ్డం పడి బస్సు ఎంతసేపటికీ కదలలేదు. కిటికీ ఊచ చేయి కాలుస్తోంది, పక్కామె నా భుజం మీద నిద్రపోతోంది. అయినా నాకు విసుగు రాలేదు. జైల్లో ఉన్న మనిషికి విడుదల కాగితం తీసుకుపోతున్నట్టు ఉంది. అమ్మ పోయాక అంత సంతోషంగా నేను ఎక్కడికీ ప్రయాణం చేయలేదు.

పెద్దమ్మ వరండాలో మంచం మీద ఉంది. అప్పటికే లేవడం తగ్గిపోయింది. కళ్లకు ఆపరేషన్ అయింది కాబట్టి చూపు మాత్రం బాగుంది.

"ఏం బిడ్డా, గింత ఎండల పడి వస్తివి?"

నీళ్లు కూడా తాగకుండా ఫోన్ తీసి చూపించాను. ఏ ఫోటోనో ఆమెకు వెంటనే తెలిసింది. మొహం తిప్పుకుంది.

"ఇటు సూడు పెద్దమ్మా. ఒక్కసారి సూడు. లెక్కవెట్టు."

చాలాసేపు బతిమాలాక వేలు పెట్టింది. వేలు తగలగానే ఫోటో జరిగిపోయి, జారిపోతున్న పంచెతో మా తమ్ముడు వచ్చాడు. మళ్లీ వెనక్కి తెచ్చి అంచును పెద్దది చేసి పట్టుకున్నాను.

"గీమె ఎవరే?"

"కాయలు గొట్టినామె."

"ఉన్నదా?"

"ఉన్నది. కదలనే లేదు. మనకిచ్చిన ఫోటోల అంచు కోసిండ్రు, గందుకే కనవడలే. రీలుల ఉన్నది."

"సగమే ఉన్నది గద."

"మిగతా సగం బయట నిలవడ్డది. కన్ను సూడు. నవ్వుతున్నది. పానమున్నదే గద పెద్దమ్మా. నలుగురే ఉన్నరు. నువ్వు పక్కకు జరిగినందుకు ఏం కాలే. నీ తప్పేం లేదు."

ఆమె ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుని దగ్గరికి తీసుకుంది. ఇప్పుడు నవ్వుతుంది, ఇప్పుడు ఊపిరి వదులుతుంది అని నేను ఆమె మొహమే చూస్తూ కూర్చున్నాను. ఆమె అంచున ఉన్నామెను వదిలేసి నడుమనున్న మా అమ్మను చూస్తోంది. మిల్లు బూడిద వచ్చి దుప్పటి మీద వాలుతోంది. ఫోన్ దించి నా వైపు తిరిగింది.

"మరి నా చెల్లె ఎందుకు పోయిందే?"

ఫోన్ ఆమె చేతుల్లోంచి తీసుకుని పక్కన పెట్టాను. ఇన్నేళ్లూ ఆమెకు ఒక జవాబు ఉండేది. దాన్ని కూడా నేనే లాక్కున్నాను. అమ్మ పోయిన రోజు ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదని చుట్టాలంతా చెవులు కొరుక్కున్న మనిషి, ఆ మధ్యాహ్నం నా భుజం మీద తల పెట్టి, చెల్లెను పేరు పెట్టి పిలుచుకుంటూ ఏడ్చింది.